ఒక గంప, రెండు కుప్పలు

పోయిన వారం తంగపుష్పాన్ని మనం ముత్తుత్తురై రేవులో వదిలి వచ్చాం. ఎండు నెత్తళ్ళ బస్తాలు లారీకెక్కించి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, ఆమె అక్కడి కతోలిక గురువు సూసై స్వామి గదిలోకి వెళ్ళింది. పుట్టిన దగ్గర్నుంచి కిరుబాపురం ప్రొటెస్టెంటు గుడిలో పెరిగిన మనిషి, యాభై ఒకటో ఏట, ఈస్టరు ముందు శనివారం తనను కతోలిక సంఘంలో కలుపుకోమని అడిగింది. స్వామి సరేనన్నాడు. బదులుగా ఒక మాట తీసుకున్నాడు. ఆ రోజు వచ్చేదాకా ఊళ్ళో ఆరాధనకు వెళ్ళవచ్చు, పాట పాడవచ్చు, కానుక వేయవచ్చు. ప్రభు బల్ల మాత్రం ముట్టకూడదు. తంగపుష్పం మాటిచ్చింది.

ఇచ్చేటప్పుడు అది తేలికైన మాటలాగే ఉంది. కిరుబాపురంలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే బల్ల ఆరాధన నెలకొక్కసారే. ఈ నెలది అయిపోయింది, మళ్ళీ వచ్చేసరికి తను అవతలి ఒడ్డున ఉంటుంది. అలా లెక్క వేసుకుంది. ముప్పై గంపల సరుకులో తడిసిన గంప ఏదో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి, ఈ ఒక్క చోట తప్పు లెక్క వేసింది. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం కూడా బల్ల పెట్టాలని గుడి పాస్టరు గిల్బర్ట్ అయ్యగారు ఈ ఏడే కొత్తగా అనుకున్నారు. ఆ సంగతి శుక్రవారం సాయంత్రం గుడి గంట కింద పలక మీద సుద్దముక్కతో రాసి ఉండగా చూసింది. చూసి, అక్కడే నిలబడిపోయింది.

ఎందుకు నిలబడిపోయిందో కిరుబాపురం మనిషికి చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళో బల్లకు లేవకుండా బెంచీలో కూర్చుండిపోయిన వాళ్ళకు ఒకటే అర్థం. ఎవరి మీదో పగ ఇంకా కడుపులో ఉంది. జ్వరమొచ్చినా, మోకాలు వాచినా, ఇంకో రకంగా అనుకోరు. అలాగే ఇద్దరి మధ్య తగువు తీరితే, ఆ తరువాత వచ్చే మొదటి బల్ల రోజున ఇద్దరూ ఆల్తారు ముందున్న చెక్క కమ్మీ దగ్గర పక్కపక్కన మోకరించాలి. కాయితం లేదు, సంతకం లేదు. ఊరికి అదే రుజువు.

తంగపుష్పానికీ అన్న మాసిలామణికీ పదకొండేళ్ళ తగువు తీరి ఆ ఆదివారానికి తొమ్మిది రోజులు.

తగువు పుట్టింది కూడా గుడిలోనే. మొగుడు పోయిన ఏడాదికి ఆమె రేవుకు వెళ్ళి ఎండు చేపల వ్యాపారం మొదలుపెట్టింది. మాసిలామణి అప్పటికే మిషను స్కూల్లో హెడ్మాస్టరు, సంఘానికి సెక్రటరీ. కమిటీలో లేచి, "మా ఇంటి ఆడదే రేవులో గంప పట్టుకుని తిరుగుతుంటే నేనింకెవరికి బుద్ధి చెప్పేది?" అన్నాడు. ఆ తరువాతి ఆదివారం గుడి మెట్ల మీద, అందరూ చెప్పులు వెతుక్కునే వేళ, తంగపుష్పం జవాబు చెప్పింది. "నీ ఇంటి కూడు తినడం లేదని నీకు కడుపుమంట. మజ్జిగ తాగు." ఊరంతా నవ్వింది. ఆ నవ్వు పదకొండేళ్ళు నడిచింది.

దాన్ని ఆపింది వాళ్ళమ్మ అన్నపాక్కియం. మంచం పట్టిన ఆ ఎనభై నాలుగేళ్ళ ముసలామె ఇద్దర్నీ పిలిపించి, ఇద్దరి చేతులూ తన పొట్ట మీద పెట్టుకుని, "ఈ సంచిలోంచే వచ్చారు గదర్రా. నా ముందు దించుకోండి" అంది. దించుకున్నారు.

శనివారం పదకొండు గంటలకు మాసిలామణి చెల్లెలి గోడౌనుకు వచ్చాడు. పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

"లోపలికి రానిస్తావా, గుమ్మంలోనే నిలబెడతావా?" అన్నాడు.

తంగపుష్పం తాటాకు చాప మీద కూర్చుని నెత్తళ్ళను సైజుల వారీగా వేరు చేస్తోంది. తల ఎత్తలేదు. "ముక్కు మూసుకునే వాళ్ళని గుమ్మంలోనే నిలబెడతాను. రా అన్నయ్యా."

"మూసుకోలేదే. చెమట తుడుచుకున్నాను."

"నా గోడౌనులో అందరికీ ముక్కు మీదే చెమట పోస్తుంది."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, ఖాళీ బస్తాల దొంతర మీద జాగ్రత్తగా కూర్చున్నాడు. ఆమె లేచి కుండలోంచి తియ్యటి తాటి నీరా ముంచి తాటాకు దొప్పలో పోసి ఇచ్చింది. పొద్దున దించినది, ఇంకా చల్లగానే ఉంది. ఆయన దొప్ప పట్టుకుని తాగకుండా గోడౌను నలువైపులా చూశాడు. కప్పుదాకా పేర్చిన బస్తాలు, గోడకు తగిలించిన పెద్ద త్రాసు, దాని పక్కన తమ తండ్రి ఫొటో.

"నాన్న ఫొటో ఇక్కడ పెట్టావా?"

"నాన్నకి చేపల వాసన ఇష్టం. నీకు తెలీదు."

ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. వచ్చిన పని మొదలుపెట్టాడు. "రేపు అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి గుడికి తెస్తున్నాం. తాటిచెట్లెక్కే పొన్నయ్య, వాళ్ళన్న మోస్తామన్నారు. కమ్మీ మధ్యలో అమ్మ, కుడి పక్క నేను, ఎడమ పక్క నువ్వు. అయ్యగారికి చెప్పేశాను. మొదటి వరస మనదే. అమ్మ నాలుగు రోజుల నుంచీ ఇదే పాట. మీ ఇద్దరి మధ్యా బల్ల తీసుకుంటే చాలు, ఇంకేం అడగను అంటోంది."

తంగపుష్పం చెయ్యి చాప మీదే ఆగిపోయింది. గుప్పిట్లో నాలుగు నెత్తళ్ళున్నాయి. ఎటు వేయాలో తెలియనట్టు వాటిని కాసేపు చూసింది.

"నేను బల్లకి రాను అన్నయ్యా."

మాసిలామణి ముఖం నెమ్మదిగా బిగుసుకుంది. "అంటే ఇంకా తీరలేదన్నమాట."

"తీరింది. అమ్మ మీద ఒట్టు."

"తీరితే ఎందుకు రావు?"

ఆమె చెప్పేసింది. సరుకు గురించి చెప్పినట్టే, ముందు ఏముందో, వెనక ఏముందో, ఏది ఎప్పుడు చేరుతుందో వరసగా చెప్పింది. సూసై స్వామి దగ్గర ఏడాది నుంచి నేర్చుకుంటోంది. వచ్చే శనివారం కలుపుకుంటారు. అందాకా బల్ల ముట్టనని మాటిచ్చింది. అంతే.

దొప్పలోని నీరా మీద ఈగ వాలింది. ఆయన తోలలేదు.

"ఏమిచ్చారు వాళ్ళు?" అన్నాడు చివరికి.

"ఏమీ ఇవ్వలేదు."

"ఒక గంప కొనడానికి నాలుగు గంపలు వాసన చూసే మనిషివి. ఊరికే ఏదీ తీసుకోవు, ఊరికే ఏదీ ఇవ్వవు. ఈ బేరంలో ఏం చూశావో చెప్పు. నాక్కూడా అర్థమయ్యేలా చెప్పు."

తంగపుష్పం నెత్తళ్ళను చాప మీద పడేసింది. ఏడాదిగా ఈ ప్రశ్న తనను తానే ఎన్నిసార్లు అడిగిందో ఆమెకే తెలియదు. అడిగిన ప్రతిసారీ త్రాసులో ఒక పళ్ళెం కిందికి దిగేది. అందులో ఏముందో మాత్రం కనిపించేది కాదు.

"కొనడానికి వెళ్ళలేదు అన్నయ్యా. నీడకి వెళ్ళాను. పడవలొచ్చేదాకా రేవులో నిలబడడానికి చెట్టు లేదు, మరియమాత కోవెల ఒక్కటే. వెనక బెంచీలో కూర్చునేదాన్ని. కాళ్ళ నొప్పి తగ్గేది. అంతే అనుకున్నాను. ఒకరోజు బయట పడవలొచ్చాయి, వేలం మొదలైంది, అరుపులు వినిపిస్తున్నాయి. నేను లేవలేదు. ఆ రోజు మంచి సరుకంతా ఉడంగుడి వ్యాపారులు ఎత్తుకుపోయారు. నాకు బాధ వేయలేదు. అప్పుడు భయమేసింది. సరుకు పోతే బాధపడని పుష్పాన్ని నేనెప్పుడూ చూడలేదు."

"ఎండదెబ్బ తగిలింది నీకు."

"నేనూ అదే అనుకుని నిమ్మకాయ నీళ్ళు తాగాను. తగ్గలేదు."

"ఇంక జపమాల తిప్పుతావా? సవేరియారు పండగ తేరు లాగుతావా?"

"మోకాళ్ళు ఒప్పుకోవు. తేరు లాగను."

మాసిలామణికి కోపం తన్నుకొచ్చింది. ఆయన లేచి రెండడుగులు నడిచి, బస్తాల మధ్య దారి లేక వెనక్కి తిరిగాడు. పిల్లలకు లెక్క రానప్పుడు చేసినట్టు గొంతు తగ్గించాడు.

"సరే పుష్పం. వెళ్తానంటే వెళ్ళు, కాళ్ళు కట్టేయలేను. కానీ అది వచ్చే శనివారం. రేపు ఆదివారం. రేపటికింకా నువ్వు మా సంఘం మనిషివే, పుస్తకంలో నీ పేరుంది. ఒక్క ముక్క, ఒక్క గుటక. అమ్మ కోసం. ఆ స్వామి కిరుబాపురం వచ్చి నీ నోరు తెరిచి చూస్తాడా?"

"రేవులో వేలం ఎలా జరుగుతుందో నీకు తెలీదు. కుప్పలు పోస్తారు. పాట అయ్యాక గెలిచినవాళ్ళు కుప్ప మీద గంప బోర్లిస్తారు. ఇంక దాని జోలికి ఎవరూ రారు. గంప బోర్లించి, ఇంకో కుప్ప మీద కూడా చెయ్యి వేసినవాళ్ళని ఆ రేవులో మళ్ళీ నిలబడనివ్వరు. ఏ పడవవాడూ వాళ్ళ ముఖం చూడడు. నేను గంప బోర్లించేశాను అన్నయ్యా."

"అంటే మాది వదిలేసిన కుప్పా?" ఆయన నీరా దొప్పను బస్తాల మీద పెట్టేశాడు. "అమ్మ ఇన్నేళ్ళుగా తింటున్నది, నాన్న ఆఖరి రోజున మింగలేక మింగింది, నీ మొగుడు ఆసుపత్రిలో ఉంటే పాత అయ్యగారు బస్సులో వచ్చి అతని నాలుక మీద పెట్టింది, అదంతా ఉత్త రొట్టేనా?"

అది తగలాల్సిన చోటే తగిలింది. బయట రోడ్డు మీద మట్టల మోపుతో సైకిలొకటి పోయింది, ఆకుల చప్పుడు లోపలిదాకా వచ్చింది.

"ఉత్త రొట్టే అయితే ఈపాటికి సరేననేదాన్ని," అంది. "ఉత్త రొట్టే అయితే అమ్మ కోసం నాలుగు తినేదాన్ని. మా ఆయన నోట్లో పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన ముఖం చూశాను. అది ఉత్తదని ఎవరన్నా నేను ఒప్పుకోను. స్వామి కూడా ఆ మాట అనలేదు. అందుకే చేతులు రావడం లేదు. ఆ కమ్మీ దగ్గర చెయ్యి చాపితే నేను ఈ ఇంటి మనిషినని దేవుడి ముందు చెప్పినట్టు. ఆరు రోజులకి ఇంకో చోటికి వెళ్ళి, కాదు, ఈ ఇంటి మనిషినని చెప్పాలి. అబద్ధమాడాలంటే ఇంతకంటే చిన్న చోటు చూసుకుంటాను."

మాసిలామణి ఆమెను తేరిపార చూశాడు. చెల్లెలికి ఇన్ని మాటలొచ్చని ఆయనకు తెలియదు.

"నువ్వు లేవకపోతే రేపు ఏమవుతుందో చెప్తా విను. హెడ్మాస్టరు తల్లిని అడ్డం పెట్టుకుని ఉత్తుత్తి రాజీ చేయించాడంటారు. కాదని నేను చెప్పాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే అమ్మ చెవిన పడుతుంది. అమ్మ కతోలికుల ఇంట్లోంచి ఈ ఇంటికి వచ్చింది, అన్నీ వదులుకుని వచ్చింది, నలభై ఏళ్ళు ఆడవాళ్ళ కూడికకి ప్రార్థన చేయించింది. కూతురు వెనక్కి పోయిందని వింటే ఈస్టరు చూడదు. నేనటూ నోరు మూసుకోలేను, ఇటూ తెరవలేను. బాగా ఇరికించావు."

"అన్నయ్యా..."

"సాయంత్రం వచ్చి అమ్మకి నువ్వే చెప్పుకో. నా నోటితో చెప్పను."

ఆయన వెళ్ళిపోయాడు. బస్తాల మీద నీరా దొప్ప ముట్టకుండా ఉంది. తంగపుష్పం దాన్ని తీసి, ఈగను వేలితో తీసేసి, తనే తాగేసింది. పారబోయడం ఆమెకు చేతకాదు.

దీపాలు పెట్టే వేళకు ఆమె అన్న ఇంటికి వెళ్ళింది. అన్నపాక్కియం వసారాలో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో లేత తాటాకు చీలికలు. రేపు గుడికి వచ్చే ప్రతివాళ్ళ చేతికీ ఒక ఆకు శిలువ ఇవ్వాలి. ముసలామెకు ఈ మధ్య చూపు ఆనడం లేదు గానీ వేళ్ళు మడతలు మర్చిపోలేదు. పక్కన చాటలో వందకు పైగా శిలువలున్నాయి.

తంగపుష్పం మంచం పట్టె మీద కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే వచ్చింది. "అమ్మా, రేపు..."

"రేపు నువ్వు లేవవు," అంది అన్నపాక్కియం. చెవుడు వచ్చినప్పటి నుంచి ఆమె గుసగుస కూడా వీధిలోకి వినిపిస్తుంది.

"అన్నయ్య చెప్పాడా?"

"వాడా? మధ్యాహ్నం నుంచీ నోరు కుట్టేసుకున్నాడు. కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. నీ చెయ్యి చెప్పింది. కిందటి ఐప్పసి నెల వానల్లో, మీ అన్న స్కూలుకి వెళ్ళినప్పుడు నన్ను చూడ్డానికి వచ్చావే, అప్పుడు ఉరుము ఉరిమింది. నీ కుడిచెయ్యి శిలువ గుర్తు వేసుకోవడానికి నుదుటి దాకా పోయింది. సగంలో ఆపి, జుట్టు సర్దుకున్నట్టు దించేశావు."

తంగపుష్పం రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"ఆ జుట్టు సర్దుకోవడం నేను కనిపెట్టిందేనే, పిచ్చిదానా! పెళ్ళయి ఈ ఇంటికొచ్చి అరవై ఆరేళ్ళు. ఉరుమొచ్చినప్పుడల్లా నేను జుట్టు సర్దుకుంటూనే ఉన్నాను. ఇన్నేళ్ళ ఉరుములకి నా అంత నున్నగా దువ్వుకున్న ఆడది ఈ ఊళ్ళో లేదు."

తల్లీకూతుళ్ళు ఒకేసారి నవ్వారు. నవ్వు మధ్యలో తంగపుష్పానికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తబోయి, చేతికి చేపల వాసన ఉంటుందని భుజంతో తుడుచుకుంది.

"ఇంకోటి కూడా విను," అంది ముసలామె, ఆకు మడుస్తూనే. "వచ్చిన కొత్తల్లో మూడేళ్ళు నేనూ లేవలేదు. పెళ్ళి పుస్తకంలో వేలిముద్ర వేశాను గానీ, బల్ల దగ్గరికి కాళ్ళు రాలేదు. ఊరేమందో తెలుసా? కోడలికి అత్త మీద పగ అంది. మా అత్త ఊరూరా తిరిగి ఏడ్చింది. ఏం పెట్టలేదని నా మీద పగబట్టింది అని. అప్పుడు మీ తాత ఒక పని చేశాడు."

తాత వేదమాణిక్కం ఆ గుడికి ఉపదేశి. పాట ఎత్తేది, గంట కొట్టేది, అయ్యగారు రానప్పుడు వాక్యం చదివేది ఆయనే.

"బల్ల రోజు పాట ఎత్తాడు. అందరూ లేచారు. ఆయన లేవలేదు. గొడుగు చేత్తో పట్టుకుని మగవాళ్ళ వైపు నుంచి ఆడవాళ్ళ వైపుకి నడిచొచ్చి నా బెంచీ చివర కూర్చున్నాడు. మామగారి పక్కన కూర్చోవడమేంటని నేను లేచి నిలబడ్డాను. కూర్చోమ్మా, ఒక్కదానివే కూర్చుంటే పగంటారు, ఇద్దరం కూర్చుంటే ఏమంటారో చూద్దాం అన్నాడు. ఏమీ అనలేకపోయారు. అలా ఏడాదిపాటు, ప్రతి బల్లకీ."

"తరవాత నువ్వెందుకు లేచావు?"

అన్నపాక్కియం వేళ్ళు ఆగాయి.

"ఆయనకి ఆకలేసేది పుష్పం. చిన్నప్పటి నుంచి ఆ బల్ల మీద బతికిన మనిషి. నా పక్కన కూర్చుని ఆ గిన్నె వైపే చూసేవాడు. చూడలేక ఒకరోజు లేచాను. ఆయనా లేచాడు. అది దేవుడి కోసం లేచానో, ఆయన కోసం లేచానో ఇప్పటికీ తేలలేదు. తిన్నది ఒంటపట్టింది, అబద్ధం చెప్పను. కానీ తేలలేదు." పూర్తయిన శిలువను చాటలో వేసింది. "నువ్వు అలా లేవకు. నా కోసం లేవకు, వాడి కోసం లేవకు. తేలితేనే లే."

లోపల గుమ్మానికి వేసిన తెర వెనక గ్లాసు చప్పుడైంది. మాసిలామణి నీళ్ళు తాగుతున్నాడో, అంతసేపూ అక్కడే నిలబడ్డాడో తెలియలేదు.

ఆదివారం పొద్దున కిరుబాపురం మట్టలు పట్టుకుని పాట పాడుతూ ఎర్ర ఇసుక దారిలో గుడికి నడిచింది. వెనక కుర్చీలో అన్నపాక్కియం, ఆమె ఒళ్ళో శిలువల చాట. తంగపుష్పం ఎప్పుడూ కూర్చునే ఐదో బెంచీలో నడవా వైపు చివర కూర్చుంది. ప్రసంగం ఆమె చెవిన పడలేదు. బల్ల మీద తెల్లగుడ్డ తీసేదాకా ఆమె ఒళ్ళోని ఆకు శిలువ మడతలే లెక్కపెడుతూ కూర్చుంది.

గిల్బర్ట్ అయ్యగారు పుస్తకం తెరిచి, పొరుగువారితో ప్రేమగా, సమాధానంగా ఉన్నవారందరూ దగ్గరికి రావలసిందని పిలిచారు. ఏళ్ళ తరబడి విన్న ఆ పిలుపు ఆ రోజు తన పేరు పెట్టి పిలిచినట్టుంది.

ముందు కుర్చీ కదిలింది. కమ్మీ మధ్యలో అన్నపాక్కియం. కుడి పక్కన మాసిలామణి మోకరించాడు. ఎడమ పక్కన మూడు జానల చోటు ఖాళీ. ఎవరూ అందులో మోకరించలేదు. అది ఎవరిదో అందరికీ తెలుసు.

బెంచీలో ఎప్పుడూ పక్కన కూర్చునే జ్ఞానసుందరి మోచేత్తో పొడిచింది. "లే వదినా. నీ చోటు ఎదురుచూస్తోంది."

"మీరు వెళ్ళండి."

జ్ఞానసుందరి కళ్ళు పెద్దవి చేసి, కొంగు సర్దుకుని తను లేచి వెళ్ళింది. బెంచీ ఖాళీ అయింది. ముందు బెంచీ ఖాళీ అయింది. వెనక ఎవరో గొంతు తగ్గించకుండానే అన్నారు. "పదకొండేళ్ళది తొమ్మిది రోజుల్లో పోతుందా ఏం? ముసలిదాన్ని మోసం చేశారు పాపం."

తంగపుష్పం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. లేవకుండా ఉండడానికి అంత బలం కావాలని ఆమె ఊహించలేదు. నిన్న గోడౌనులో అన్నీ తూచి చెప్పింది. అప్పుడు ఈ మూడు జానల ఖాళీ ఎదురుగా లేదు.

అయ్యగారు రొట్టె పళ్ళెంతో కుడి చివర నుంచి వస్తున్నారు. మాసిలామణి అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి చాపాడు. ఖాళీ వైపు ఒకసారి చూశాడు. పళ్ళెం తన దాకా రావడానికి ఇద్దరు మనుషులుండగా, చాపిన చేతులు ముడుచుకున్నాడు. కమ్మీ పట్టుకుని లేచాడు.

గుడిలో పాట పాడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. సెక్రటరీ బల్ల దగ్గర నుంచి ఒట్టి చేతులతో వెనక్కి రావడం వాళ్ళెవరూ చూడలేదు. ఆయన తన బెంచీకి పోలేదు. నడవా దాటి ఆడవాళ్ళ వైపు వచ్చాడు. ఐదో బెంచీ దగ్గర ఆగాడు.

"జరుగు," అన్నాడు.

"ఇది ఆడవాళ్ళ వైపు."

"తెలుసు. ఈ గుడిలో ఎవరెక్కడ కూర్చోవాలో ఇన్నేళ్ళూ చెప్పింది నేనే. జరుగు."

ఆమె జరిగింది. ఆయన కూర్చున్నాడు. ముక్కు మీద చెమట తుడుచుకోలేదు.

"వెళ్ళి తీసుకో అన్నయ్యా," అంది ఆమె పెదవులు కదపకుండా. "నా కోసం పస్తుండకు. దణ్ణం పెడతాను."

"నీ కోసమని ఎవరన్నారు? నిన్న నీ మీద కోపంతో నీ గోడౌను దిగాను. తెల్లారినా ఆ కోపం అలాగే ఉంది. కోపం పెట్టుకుని బల్ల ముట్టకూడదని మా వైపు ఒక నియమం ఉంది. నీకు గుర్తుందో లేదో."

"ఇప్పుడూ ఉందా?"

"నిండుగా ఉంది. పక్కన కూర్చునే కోప్పడదామని వచ్చాను."

వెనక గుసగుసలు ఆగిపోయాయి. పగబట్టినవాళ్ళు ఒకే బెంచీ మీద భుజం భుజం రాసుకుని కూర్చోరు. రాజీ పడినవాళ్ళు బల్ల మానరు. ఈ ఇద్దర్నీ ఏ లెక్కలో వేయాలో ఆ ఊరికి తెలియలేదు.

తంగపుష్పం మాత్రం అన్న ముఖమే చూస్తోంది. ఆయన కళ్ళు చెల్లెలి మీద లేవు. అయ్యగారి చేతిలోని పళ్ళెం మీద ఉన్నాయి. పళ్ళెం ఎటు కదిలితే అటు కదులుతున్నాయి. గొంతు ఒకసారి మింగుడుపడినట్టు కదిలింది. తల్లి రాత్రి చెప్పిన ఆకలి అదేనని ఆమెకు చూడగానే తెలిసింది. తొడల కింద చేతులు వాటంతటవే బయటికొచ్చాయి. లేస్తే రెండడుగులు. తను లేస్తే ఈయనా లేస్తాడు. తల్లి లేచింది సరిగ్గా ఇందుకే.

బెంచీ అంచు పట్టుకుంది. అప్పటికి లేవలేదు, లేవకుండానూ లేదు.

కమ్మీ దగ్గర అయ్యగారు అన్నపాక్కియం అరచేతిలో రొట్టె పెట్టారు. ముసలామె నోటి దగ్గరికి తీసుకుపోలేదు. ఇంకో చెయ్యి దాని మీద మూసింది.

"పుచ్చుకోండమ్మా," అన్నారు అయ్యగారు మెల్లిగా.

"పొన్నయ్యా, కుర్చీ తిప్పు."

"అమ్మగారూ, ముందు పుచ్చుకోండి..."

"తిప్పమన్నానా!"

చెవిటి గొంతు గుడి కప్పుకు తగిలి వచ్చింది. పొన్నయ్య అయ్యగారి వైపు చూశాడు, ముసలామె వైపు చూశాడు, తన అన్నకు సైగ చేశాడు. ఇద్దరూ కుర్చీ ఎత్తి తిప్పారు. నడవాలో రాలిన మట్టాకుల మీద వాళ్ళ అడుగులు ఒక్కొక్కటే వినిపించాయి. మొదటి బెంచీ దాటింది, మూడోది దాటింది. అయ్యగారు పళ్ళెం పట్టుకుని ఆమె వెనకే రెండడుగులు వేసి ఆగిపోయారు.

ఐదో బెంచీ దగ్గర కుర్చీ దించారు. అన్నపాక్కియం మూసిన చెయ్యి తెరిచింది. ముడతల అరచేతిలో రొట్టె ఉంది. దారిలో ఎప్పుడు విరిచిందో, రెండు ముక్కలుగా ఉంది.

ఒకటి ఆమెది. రెండోది ఎవరిదో గుడిలో ఎవరికీ తెలియదు. మాసిలామణి చేతులు ఒళ్ళోంచి సగం దాకా లేచి ఆగాయి. ముసలామె ఆయన వైపు చూడలేదు. చూపు ఆనని కళ్ళు కూతురి ముఖం ఉన్న వైపుకు తిప్పి, ఊరంతా వినేలా అడిగింది.

"తేలిందా పుష్పం?"

తంగపుష్పం లేచి నిలబడింది.

(మిగతా వచ్చే వారం)